కమర్ దర్ద్‌కి పలంగ్ దవా కాదు

కుట్టుమిషన్ మీద వంగీ వంగీ మా అమ్మీకి కమర్ దర్ద్ పట్టుకుంది. ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "ఆరామ్‌గా పడుకో అమ్మీ." మొహబ్బత్‌తోనే అన్నాం. నెల తిరిగేసరికి నడుం ఇంకా బిగుసుకుంది, కాళ్లు కమ్‌జోర్ అయ్యాయి, లేవాలంటేనే ఖౌఫ్.

2023 డిసెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలపు నడుంనొప్పికి కసరత్ మంచిదంది. మనం ఎగబడి కొనే నడుం బెల్టు మామూలుగా వాడొద్దంది.

కసరత్ అంటే పహిల్వాన్ దండీలు, బస్కీలు కాదు. పది నిమిషాల నడక. వెల్లకిలా పడుకుని ఒక్కో మోకాలినీ మెల్లగా ఛాతీ దగ్గరికి తెచ్చుకోవడం. ఊపిరి వదులుతూ నడుంని చాపకి ఆనించడం. కాస్త నొప్పెట్టినా ఫికర్ లేదు, పెరుగుతుంటే ఆపాలి. కాల్లో బలం తగ్గినా, మూత్రం మీద కాబూ తప్పినా వెంటనే ఆస్పత్రికి పోవాలి.

అసలు ముష్కిల్ కసరత్ కాదు, ఫుర్సత్. రోటీలు, బట్టలు, మిషన్ మధ్య ఆమెకి పావుగంట ఎవరిస్తారు? "పడుకో అమ్మీ" అనడం ఆసాన్, భాయ్. ఆ పూట రోటీలు మీరు కాల్చి, "పద అమ్మీ, నేనూ వస్తా" అనండి. ఖిద్మత్ అంటే అదీ.