కీబోర్డా, కుర్చీయా?

సైబర్ భద్రతలో ఏడెనిమిదేళ్లు ఫైర్‌వాల్‌లూ లాగ్‌లూ చూశాక ఎవరికైనా ఈ ప్రశ్న ఎదురవుతుంది. ఇదే పనిలో నిపుణులుగా స్థిరపడాలా, చీఫ్ ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ ఆఫీసర్ కుర్చీ వైపు నడవాలా? మన ఇళ్లలో జవాబు సిద్ధంగానే ఉంటుంది. 'ఇంకా మేనేజర్ కాలేదా?' అని పెళ్లి భోజనాల దగ్గరే పెదనాన్నగారు అడిగేస్తారు.

మన విశాఖ ఉక్కునే తీసుకోండి. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని అక్కడ మూడు బ్లాస్ట్ ఫర్నేస్‌లున్నాయి. ఆఫీసు కంప్యూటర్‌లా వాటిని కాసేపు ఆపి మళ్లీ ఆన్ చేయడం కుదరదు. జర్మనీలో ఒక ఉక్కు కర్మాగారానికి జరిగింది ఆ దేశపు సైబర్ భద్రతా సంస్థ 2014 నివేదికలో ఉంది. దొంగ ఈమెయిల్‌తో ఆఫీసు నెట్‌వర్క్‌లో దూరినవాళ్లు అక్కణ్నుంచి ఉత్పత్తి యంత్రాల దాకా వెళ్లారు. ఫర్నేస్‌ను పద్ధతిగా ఆపలేక భారీ నష్టం జరిగింది. ఇలాంటి చోట లోపం ఎక్కడుందో చెప్పేది నిపుణుడు. దాన్ని సరిచేయడానికి యంత్రం ఎప్పుడు ఆపాలి, ఆ గంటల నష్టానికి యాజమాన్యాన్ని ఎలా ఒప్పించాలి అన్నది కుర్చీలో ఉన్నవాడి తలనొప్పి.

వన్నాక్రై గుర్తుందా? మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14నే ప్యాచ్ ఇచ్చింది. మే 12న దాడి జరిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లూ దెబ్బతిన్నాయి. రెండు నెలల్లో ప్యాచ్ వేయించడం తెలివితేటల సమస్య కాదు, నా లెక్కలో అది సంతకాల సమస్య. మరి దాడికి అడ్డుకట్ట వేసిందెవరు? మార్కస్ హచిన్స్ అనే 22 ఏళ్ల బ్రిటిష్ కుర్రాడు. వైరస్ కోడ్‌లో ఎవరూ కొనని ఒక వెబ్ చిరునామా కనిపిస్తే, సుమారు పది డాలర్లు పెట్టి కొనేశాడు. ఆ పనికి ఏ హోదా అక్కర్లేకపోయింది.

కాబట్టి జీతం పెరుగుతుందన్న ఒక్క కారణంతో కుర్చీ ఎక్కకండి. బడ్జెట్లు, మీటింగులు, ఆడిటర్లు మీ రోజంతా తినేస్తాయి. 2022లో వచ్చిన నిబంధన ప్రకారం సంఘటన గమనించిన 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలి. ఈసారి మీ ఆఫీసులో అలారం మోగినప్పుడు మిమ్మల్ని మీరే గమనించుకోండి. చెయ్యి ముందు లాగ్‌ల వైపు వెళ్తోందా, ఫోన్ వైపు వెళ్తోందా?

ఇంకో సంగతి. నలభై ఏళ్లు దాటాక నిపుణుడు కుర్చీ వైపు రావచ్చు. నాలుగేళ్లు కీబోర్డు ముట్టని అధికారి వెనక్కి వెళ్లడం మాత్రం చాలా కష్టం.