ఒక్క మామిడికాయకి 14 పాయింట్లా?

పోయిన వేసవిలో విజయవాడ వెళ్ళినప్పుడు మా అక్క నన్ను వంటింట్లోకి పిలిచి ఓ పని అప్పజెప్పింది. మా మేనకోడలు అయిదో క్లాసు. ఆన్‌లైన్‌లో కోడింగ్ క్లాసుల్లో చేరి ఆరు నెలలైంది. "ఒరేయ్, నువ్వెలాగూ అదే పని చేస్తావు కదా. దానికేమైనా వస్తోందో లేదో చూసి చెప్పరా. బోలెడు డబ్బు పోశాం."

సరేనని చూశాను. ఫ్రిజ్ తలుపు మీద నాలుగు సర్టిఫికెట్లున్నాయి. కంప్యూటర్లో ఇరవై ప్రాజెక్టులు, అన్నీ స్క్రాచ్‌లో చేసినవే. బాగున్నాయి. బాగుండటం కాదు, ఒక్కదాంట్లో కూడా తప్పు లేదు! అక్కడే నాకు అనుమానమొచ్చింది. ఇన్నేళ్ళుగా జీతం తీసుకుంటూ కూడా తప్పుల్లేని ప్రోగ్రాం రాయడం నా వల్ల కాలేదు మరి :)

స్క్రాచ్ తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం దీన్ని తయారుచేసి 2007లో అందరికీ విడుదల చేసింది. ఎనిమిది నుంచి పదహారేళ్ళ పిల్లల కోసం. టైపు చెయ్యక్కర్లేదు, రంగురంగుల బ్లాకుల్ని మౌసుతో లాగి ఒకదానికొకటి తగిలించడమే. అవును, కాదు అని జవాబు చెప్పే బ్లాకుల కొసలు మొనదేలి ఉంటాయి, అంకెలిచ్చేవి గుండ్రంగా ఉంటాయి. మొనదేలిన ఖాళీలో గుండ్రటిది పట్టదు. అంటే సెమీకోలన్ మర్చిపోయి గంటసేపు జుట్టు పీక్కునే బాధ లేదు. కానీ ఒకటి గమనించండి. ఇది తీసేసేది వ్యాకరణం తప్పుల్ని మాత్రమే. ఆలోచనలో తప్పుల్ని అలాగే ఉంచుతుంది. కావాలనే ఉంచుతుందని నా నమ్మకం. దీనికి తాతలాంటి లోగో భాష 1967లో వచ్చింది. దాన్ని తయారుచేసినవాళ్ళలో ఒకరైన సేమూర్ పేపర్ట్ వాదన కూడా అదే కదా. పిల్లలే కంప్యూటర్ని నడిపించాలి, తప్పు ఎక్కడుందో వెతుక్కోవడమే చదువు అంటాడాయన.

మొదట్లో నాకూ దీనిమీద చిన్నచూపే. బ్లాకులు తగిలిస్తే కోడింగేంటి, బొమ్మలాట కాకపోతే అనుకునేవాణ్ణి. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను, ఎందుకో చెప్తా.

మర్నాడు క్లాసు జరుగుతుంటే పక్కన కూర్చున్నాను. టీచరు తన స్క్రీను చూపిస్తూ "ఆరెంజ్ బ్లాక్ తీసుకో, ఇక్కడ పెట్టు" అంటుంది. మా పిల్ల పెడుతుంది. "డన్ మ్యామ్." "ఇప్పుడు ఎల్లో బ్లాక్." "డన్ మ్యామ్." ముప్పావుగంటలో ఇరవయ్యొకటో ప్రాజెక్టు తయారు! టీచర్ని తప్పుపట్టను. క్లాసుకో ప్రాజెక్టు చేతిలో పెట్టకపోతే నెలాఖరున మా అక్కలాంటి వాళ్ళే ఫోన్ చేసి అడుగుతారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక "నీకు నచ్చిన ఆట ఏదైనా చేద్దామా?" అన్నాను. కాసేపాలోచించి తాతయ్యగారింట్లో మామిడిచెట్టు అంది. పైనుంచి కాయ పడాలి, కింద బుట్టతో పట్టాలి, పట్టినప్పుడల్లా ఒక పాయింటు. బుట్ట, కాయ తనే గీసింది. బ్లాకులూ తనే పెట్టింది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను (ఇది చాలా కష్టమైన పని, చేసి చూడండి). ఆట మొదలైంది. కాయ బుట్టలో పడింది. స్కోరు 14.

"మావయ్యా, ఒక్క కాయకి 14 ఏంటి? మ్యామ్‌ని అడగనా?"

"మ్యామ్ ఇప్పుడు లేరు కదా. నువ్వే చూడు."

ముందు బుట్ట చిన్నది చేసింది, లాభం లేదు. కాయ రంగు మార్చింది (ఎందుకో నన్నడక్కండి). తర్వాత ఏం తోచిందో కాయ పడే వేగం తగ్గించింది. స్కోరు 40 దాటింది! వేగం బాగా పెంచింది. స్కోరు 3. రెండు నిమిషాలు స్క్రీను వైపే చూసి అరిచింది: "మావయ్యా, తగిలినంతసేపూ లెక్కపెడుతోంది!"

అదీ సంగతి. స్క్రాచ్‌లో "ఫరెవర్" బ్లాకు లోపల పెట్టింది మామూలుగా సెకనుకి 30 సార్లు తిరుగుతుంది. కాయ బుట్టకి అరసెకను తగిలి ఉంటే, తగిలిందా అని పదిహేను సార్లు అడుగుతుంది. అన్నిసార్లూ జవాబు అవుననే. మనం అడగాల్సింది తగిలి ఉందా అని కాదు, ఇప్పుడే కొత్తగా తగిలిందా అని. తగిలిన వెంటనే కాయని మళ్ళీ చెట్టుమీదకి పంపించేసి ఆ చిక్కు తనే విప్పుకుంది. మొత్తం గంటన్నర పట్టింది.

నాకు నవ్వొచ్చింది, కాస్త సిగ్గూ వేసింది. ఇంజినీరింగు రెండో ఏడాదిలో డిజిటల్ ఎలక్ట్రానిక్స్ అని ఉండేది. లెవెల్ ట్రిగరింగ్, ఎడ్జ్ ట్రిగరింగ్ అని ఫ్లిప్‌ఫ్లాప్ బొమ్మలు. సీనియర్ రికార్డు చూసి స్కేలూ పెన్సిలూ పెట్టి చక్కగా దించేశాం, మార్కులూ పడ్డాయి. ఆ రెంటికీ తేడా ఎందుకు కావాలో ఉద్యోగంలో చేరాక ఓ బటన్ రెండుసార్లు నొక్కుడుపడి ఒకే ఆర్డరు రెండుసార్లు వెళ్ళిపోయినప్పుడు గానీ నాకు తలకెక్కలేదు. పదేళ్ళ పిల్ల మామిడికాయతో పట్టేసింది.

అసలు చెప్పాలనుకున్నది ఇదిగో. ఆ సాయంత్రం తను క్లాసులో చేసిన పాత ప్రాజెక్టులు ఒక్కొక్కటే తెరిచాం. మూడో నెలలో చేసింది ఒకటుంది, ఆపిల్ పండ్లు పట్టే ఆట. అచ్చం ఇదే ఆట! తగలగానే పండుని పైకి పంపే బ్లాకు అందులో సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది. "ఇది ఎందుకు పెట్టావే?" అన్నాను. "మ్యామ్ పెట్టమన్నారు" అంది. జవాబు ఇచ్చేశారు గానీ ప్రశ్న ఇవ్వలేదు. స్కోరు 14 చూడనిదే ఆ బ్లాకు విలువ ఏం తెలుస్తుంది? మా రికార్డులకీ ఈ సర్టిఫికెట్లకీ తేడా ఏముందండీ, ఇందులో రంగులెక్కువ, అంతే.

కాపీ కొట్టడమే తప్పని అనట్లేదు. స్క్రాచ్ సైటులో ఎవరు పెట్టిన ప్రాజెక్టునైనా తెరిచి లోపల చూడొచ్చు, "రీమిక్స్" నొక్కి మార్చుకోవచ్చు. మొదట చేసినవాళ్ళ పేరు దానంతటదే పడుతుంది. మేమూ పక్కవాడి ప్రోగ్రాం విప్పి చూసే కదా నేర్చుకున్నాం. విప్పి మార్చడం వేరు, చెప్పింది చెప్పినట్టు అతికించడం వేరు.

ఈ గొడవంతా 2020లో ముదిరింది. లాక్‌డౌను, ఇంటి నిండా పిల్లలు. ఆ జూలైలో వచ్చిన జాతీయ విద్యావిధానం ఆరో తరగతి దశ నుంచి కోడింగ్ అంది. ఆగస్టులో బైజూస్ 30 కోట్ల డాలర్లు పెట్టి వైట్‌హ్యాట్ జూనియర్‌ని కొంది (మా మేనకోడలు చేరింది అందులో కాదులెండి). ఆరేళ్ళకే కోడింగ్ రాకపోతే బతుకే లేదన్నట్టు ఎక్కడ చూసినా ప్రకటనలు. ఎల్‌కేజీలో ఐఐటీ ఫౌండేషన్ అంటే నమ్మినవాళ్ళం, ఇది నమ్మమా? విచిత్రం ఏంటంటే స్క్రాచ్ ఉచితం. నెట్ లేకపోయినా నడిచే యాప్ ఉంది. టీచర్లు తమ క్లాసుకంతటికీ అకౌంట్లు తెరిచి ప్రాజెక్టులు ఒకచోట చూసుకునే ఏర్పాటుంది. పక్కనే కేరళలో ప్రభుత్వ బడుల ఐటీ పుస్తకాల్లోనే స్క్రాచ్ పెట్టారు, 2018 నుంచి లిటిల్ కైట్స్ అని హైస్కూళ్ళలో క్లబ్బులు నడుపుతున్నారు. మనం డబ్బు కట్టి కొనుక్కుంటున్నది స్క్రాచ్‌ని కాదు, పక్కన కూర్చునే మనిషిని. ఆ మనిషి నోరు మూసుకుని కూర్చోగలిగితే డబ్బుకి న్యాయం జరిగినట్టే, కానీ నోరు మూసుకున్నందుకు డబ్బెవరిస్తారు?

ఇప్పుడు కోడు ఏఐ రాసేస్తోంది కదా, ఇంక పిల్లలకెందుకు అని మా బావ అడిగాడు. రాస్తోంది. దానికి 14 ఎందుకొచ్చిందో ఆఫీసులో రోజూ కూర్చుని వెతుకుతున్నది మేమే బావా అన్నాను.

రాత్రి అక్కకి ఉన్నమాట చెప్పాను. క్లాసులు మాన్పించెయ్, వారానికో గంట దాన్ని దాని మానాన వదిలెయ్, మొదట్లో ఏమీ రాదు, కంగారుపడకు అని. అక్క నావైపు అదోలా చూసింది. "అయితే మధ్యాహ్నమంతా కూర్చుని ఇద్దరూ కలిసి చేసింది ఒక్క మామిడికాయా?"

దసరా దాకా ఫీజు ముందే కట్టేశారట, అందుకని క్లాసులు ఆగలేదు. మొన్న ఆదివారం మేనకోడలు ఫోన్ చేసింది. ఆటలోకి ఒక కోతి వచ్చింది, కాయలు ఎత్తుకుపోతోంది. బుట్టా కోతీ ఒకేసారి కాయని ముట్టుకుంటే ఒక్కోసారి పాయింటు తనకి వస్తోంది, ఒక్కోసారి కోతికి పోతోంది. "ఎందుకు మావయ్యా?" అంది. "ముందు కోతిని మెల్లగా నడిపించి చూడు" అన్నాను.