అరికాలు చూడని కెమెరా

పదో తరగతి సర్టిఫికెట్ కోసం స్కూల్లో ఒక్కో పిల్లాడి పుట్టుమచ్చలు రెండేసి రాసుకుంటారు. చెంప మీద, మెడ మీద, మోచేతి మీద. అరికాలి మచ్చ మాత్రం ఎవరూ రాయించరు. ఉందని తెలిస్తే, దేశాలు తిరిగే జాతకమని ఇంట్లో మురిసిపోతారు. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ మనలో అరుదే. వచ్చినప్పుడు మాత్రం ఎక్కువగా దాక్కునేది అక్కడే: అరికాలిలో, అరచేతిలో, గోరు కింద. గాయకుడు బాబ్ మార్లేకు 1977లో కాలి బొటనవేలి గోరు కింద బయటపడింది ఇదే. 1981లో, 36 ఏళ్లకే పోయాడు.

ఈ జబ్బులో లెక్కంతా మిల్లీమీటర్లలోనే. మందం మిల్లీమీటరు లోపు ఉండగానే కోసి తీసేస్తే చాలామందికి అంతటితో వదిలిపోతుంది. లోతుకు దిగితే ఊపిరితిత్తులకు, మెదడుకు పాకుతుంది. అందుకే డెర్మోస్కోప్. జేబులో పట్టే ఈ పరికరం మచ్చను పది రెట్లు పెద్దదిగా చూపిస్తుంది. దాని కింద అరికాలి చర్మం దున్నిన చేనే: బోదెలు, వాటి మధ్య సాళ్లు. రంగు సాళ్లలో పేరుకుంటే సాధారణంగా మామూలు మచ్చ. బోదెల మీద పట్టీలుగా పరుచుకుంటే అనుమానించాలి. జపాన్ వైద్యులు పట్టుకున్న గుర్తు ఇది.

మెలనోమా బెడద ఎక్కువున్న ఆస్ట్రేలియాలో మనిషిని మధ్యలో నిలబెట్టి, చుట్టూ 92 కెమెరాలతో ఒకేసారి ఒళ్లంతా త్రీడీ ఫొటో తీసే యంత్రాలు పెట్టారు. వీపు నిండా మచ్చలుండే తెల్లవారికి అది వరమే; ఏ మచ్చ కొత్తదో, ఏది పెరిగిందో పోల్చి చెబుతుంది. కానీ నిలబడ్డ మనిషి అరికాళ్లు నేలకే ఆని ఉంటాయి కదా!

కంప్యూటర్ కంటికీ ఇలాంటి లోపమే ఉంది. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 1,29,450 చిత్రాలతో తర్ఫీదిచ్చిన ప్రోగ్రామ్ 21 మంది చర్మవైద్యులకు దీటుగా నిలిచింది. ఫొటోలో కొలిచే స్కేలు కనిపిస్తే అది క్యాన్సర్ అనడానికే మొగ్గుతోందని ఆ తర్వాత అక్కడివారే చెప్పారు. డాక్టర్లు స్కేలు పెట్టేది అనుమానమున్న మచ్చ పక్కనే మరి. రంగు సంగతి ఇంకా అన్యాయం. అందరికీ అందుబాటులో ఉన్న చర్మ చిత్రాల భాండాగారాలు 21ని తిరగేసి 2022లో లాన్సెట్ డిజిటల్ హెల్త్‌లో లెక్క ప్రచురించారు. లక్షకు పైగా ఫొటోల్లో చర్మం రంగు నమోదైనవి 2,436. వాటిలో గోధుమ రంగువి 10, ముదురు గోధుమ లేదా నలుపుది 1.

మనకు 92 కెమెరాల గది అక్కర్లేదని నా అభిప్రాయం. షుగర్ రోగుల పాదాలు చూసే డాక్టర్లు ఉన్నారు, కుష్ఠు మచ్చల కోసం ఇంటింటికీ వెళ్లే ఆశా కార్యకర్తలు ఉన్నారు. తెల్లబారిన మచ్చలు వెతికే ఆ కళ్లకే అరికాలి మచ్చను పసిగట్టడమూ నేర్పవచ్చు. ఆనెకాయ అనుకున్నది మానకపోయినా, గోటి మీది నల్లగీత గోరు మొదట్లోని చర్మం మీదికి పాకినా ఫొటో తీసి చర్మవైద్యుడికి పంపాలి. రోగి ఒప్పుకుంటే, చర్మం రంగు గడి ఖాళీగా వదలకుండా ఆ ఫొటోను భద్రపరచాలి. ఆ 11 ఫొటోలకు పన్నెండోది ఇక్కడి నుంచి వెళ్లవచ్చు.