మూడో సెమిస్టర్ మొదటి పేజీ

ఈ సంచిక పని మీద ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీకి వెళ్లాను. 1939లో ప్రారంభమైన ఆ రాతి భవనం మెట్ల మీద ఎం.ఏ. తెలుగు రెండో ఏడాది అమ్మాయి కూర్చుని ఉంది. ఒళ్లో కొత్త నోట్‌బుక్. మొదటి పేజీలో మూడో సెమిస్టర్ లెక్క రాసుకుంది: భాషాశాస్త్రం బ్యాక్‌లాగ్ పోవాలి, నెట్ పరీక్షకు చదవాలి, మెస్ బాకీ కట్టాలి, బతుకమ్మకు ఊరికి పోవాలి. ఆఖరి దాని కింద రెండు గీతలు.

“ఇంట్ల అమ్మ ఒక్కతే సార్. నేను పోతెనే బతుకమ్మ పేరుస్తది” అంది, పేజీ మీద చెయ్యి ఆనించి.

మనం ఈ పిల్లల్ని మార్కులే అడుగుతాం. తిన్నావా, రాత్రి నిద్ర పట్టిందా అని అడిగేవాళ్లు తక్కువ. నాకు అది చాలా బాధ. బ్యాక్‌లాగ్ సంగతి ఇంట్లో చెప్పలేక సెలవులకు హాస్టల్లోనే ఉండిపోయే పిల్లలున్నారు.

అందుకే ఈసారి పేజీలన్నీ విద్యార్థులకే ఇచ్చాం. చదువు గురించి రాశారు, ప్రేమ గురించి రాశారు, తెల్లవారుజామున లైబ్రరీ ముందు బ్యాగులతో కట్టే క్యూ గురించి రాశారు. అచ్చుతప్పులు తప్ప మేం ఏమీ దిద్దలేదు. యాస కూడా వాళ్లదే.

మెట్ల మీది అమ్మాయీ రాసింది. పేరు వద్దంది, వేయలేదు.