ఇంటి ముంగిటి బండిబాట

ఈ శీర్షిక క్రింద గృహనిర్వహణమునకు సంబంధించిన విషయములను ముచ్చటించుచున్నాము గదా. ఈ మాసమున ఇంటి ముంగిలిని గూర్చి చెప్పదలచితిమి. చిన్న విషయమని త్రోసివేయరాదు. ఇందులో చట్టము గలదు, సొమ్ము గలదు, బావిలోని నీరు గలదు.

కేసముద్రమునే తీసికొందము. రైలు స్టేషనును, వ్యవసాయ మార్కెట్టును గల యూరు. పసుపు, మిరప, ప్రత్తి పండించు కుటుంబములు చుట్టునుండి వచ్చి యిచ్చట స్థిరపడుచున్నవి. పూర్వము ముంగిలి యనగా కల్లాపి చల్లి ముగ్గు పెట్టుకొను చోటు. తులసికోట యొకవైపు, వేపచెట్టొకవైపు, నడుమ మిరపకాయ లారబోసికొను తావు. నేడు కారో ట్రాక్టరో వచ్చి చేరినది. దానికి దారి చాలదు. “ముంగిలి యంతయు సిమెంటు పోయించుదము, గొడవ వదలును” అని యింటాయన యనును. ఊడ్చుట సులభమగునని ఇల్లాలును తల యూపును. మేస్త్రీ రెండు దినములలో పని ముగించును. దాని ఫలమును మాత్ర మిరువదియేండ్లు అనుభవింపవలెను.

మొదట చట్టము మాట. కేసముద్ర మిటీవల గ్రామపంచాయతీ స్థితి నుండి పురపాలక సంఘముగా మారినది. కావున పట్టణ గృహనిర్మాణ నియమము లిక నచ్చటి యిండ్లకును వర్తించును. 2012వ సంవత్సరము ఏప్రిల్ 7వ తేదీన వెలువడిన 168వ నంబరు ప్రభుత్వోత్తరువు వీనికి మూలము. ఇంటి చుట్టును విడువవలసిన ఖాళీస్థలము ఆకాశమునకు తెరచియే యుండవలెనని యందు గలదు. బండి నిలుపుకొనుటకని ఆ ఖాళీపై అనుమతి పొందక రేకులు వేసి స్తంభములు నాటినచో అది దారి గాదు, అనుమతి లేని కట్టడ మగును.

స్థలము 300 చదరపు మీటర్లకు, అనగా సుమారు 359 చదరపు గజములకు మించినచో, ఆవరణపు అంచు వెంబడి కనీసము 1 మీటరు వెడల్పున చెట్లకును పచ్చదనమునకును నేల విడిచి పెంచవలెను. 750 చదరపు మీటర్లు దాటినచో, దీనికి తోడు స్థలములో 5 శాతము తోటకై కేటాయింపవలెను. ఈ పచ్చదనమును నిలుపనిచో, నిలుపువరకు ఏటేట ఆస్తిపన్నుపై 10 శాతము అదనముగా విధింతురు. బండిబాటను వెడల్పు చేయదలచినవారు ముందుగా ఆమోదము పొందిన యింటి ప్లానును పెట్టెలోనుండి వెలికిదీసి, పచ్చని పట్టీ ఎక్కడ చూపబడినదో కనుగొనవలెను. దానిని తాకకుండ మిగిలినచోట ఎంతమాత్రము బాట వేయవచ్చునో పురపాలక కార్యాలయమున నడిగి తెలిసికొనవలెను.

ఇచ్చట స్త్రీలకు ప్రత్యేకముగా చెప్పవలసిన దొకటి గలదు. 2020వ సంవత్సరపు టీఎస్ బీపాస్ చట్టము 500 చదరపు మీటర్ల వరకు గల స్థలములలో 10 మీటర్లకు మించని యిండ్లకు యజమాని స్వయముగా నిచ్చు ధ్రువీకరణముపై వెంటనే అనుమతి నిచ్చు పద్ధతి తెచ్చినది. నమ్మకముపై నిచ్చు అనుమతి గనుక, ధ్రువీకరణము అబద్ధమని తేలినచో నోటీసు లేకయే కూల్చివేయు అధికారమును ఆ చట్టమే యిచ్చినది. స్థలము భార్య పేరనో తల్లి పేరనో కొనుట మన యిండ్లలో పరిపాటి. కాగితములు మాత్రము పురుషులు తెత్తురు; “ఇక్కడ చేవ్రాలు చేయు” మందురు. అక్కలారా! ఆ చేవ్రాలునకు జవాబుదారి మీరు. చదువనిదే, లేక చదివించుకొననిదే, చేవ్రాలు చేయకుడు.

ఇక నీటి సంగతి. ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన కురిసినచో ఒక లీటరు నీరగును. ఆ ప్రాంతమున ఏటికి సుమారు 1000 మిల్లీమీటర్ల వాన కురియును. 30 చదరపు మీటర్ల ముంగిలిపై సిమెంటు పోసినచో, ఏటికి 30,000 లీటర్లు నేలలో నింకు వీలు లేక వీధిపాలో, పొరుగింటిపాలో అగును. వేసవిలో బోరు ఎండినదని వగచువారు ఈ లెక్కను తలపవలెను. 2024 సెప్టెంబరు మొదట కురిసిన కుంభవృష్టికి ఇంటికన్నె, కేసముద్రముల నడుమ రైలుకట్ట కోసుకొనిపోయి, కొన్ని దినములు బండ్లు నిలిచిపోయిన సంగతి అందఱికిని తెలిసినదే. అంతటి వానను ముంగిళ్లు ఆపలేవు, నిజమే. కాని సామాన్యమైన వానకే వీధి చెరువగుటలో మాత్రము మన ముంగిళ్లకు భాగము గలదు.

ఈ చింత మనకే కాదు. ఇంగ్లండులో 2007వ సంవత్సరపు వరదల పిమ్మట, 2008 అక్టోబరు 1 నుండి, ఇంటి ముందు 5 చదరపు మీటర్లకు మించి నీరింకని బాట వేయువారు అనుమతి పొందవలెనని, లేదా ఆ నీటిని తోటలోనికి మళ్లింపవలెనని నియమించిరి.

మఱి బండి యెట్లు నిలుపవలెను? ఉపాయము సులభము. కారునకు 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు చాలునందుము. అది 200 చదరపు అడుగులు. బండి చక్రములు తిరుగు చోటనే రెండడుగుల వెడల్పున రెండు షాబాదు బండల వరుసలు పఱచిన 80 చదరపు అడుగులే కప్పబడును. మిగిలిన 120 చదరపు అడుగులలో గడ్డి పెంచవచ్చును, కంకర పోయవచ్చును. ఇట్లు ఏటికి సుమారు 11,000 లీటర్ల నీరు నేలకు దక్కును. మేస్త్రీ ఖర్చును తగ్గును. ట్రాక్టరు వచ్చు యిండ్లలో బండలు మందముగా నుండవలెను, వాని క్రింద కంకర బాగుగా దట్టింపవలెను. బాటను వీధివైపు గాక చెట్ల పాదులవైపు కొంచెము వాలుగా నుంచినచో నీరు తనంతట చెట్లకు చేరును.

వేపచెట్టు అడ్డమైనచో వెంటనే గొడ్డలి పట్టరాదు. 2002వ సంవత్సరపు నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము చెట్టు నఱకుటకు ముందుగా అనుమతి కావలెను. నఱకక మొదలు చుట్టును సిమెంటు బిగించుటయు మంచిది గాదు. వేళ్లకు గాలియు నీరును అందవు. చెట్ల చుట్టును ఒక మీటరు మేర సిమెంటు తొలగింపవలెనని జాతీయ హరిత న్యాయస్థానము 2013లో ఢిల్లీ నగరమునకు ఆజ్ఞాపించినది. ఆ కొలతను మన ముంగిళ్లలోను పాటించుట మేలు.

తుద కొక్కమాట. గేటు ముందరి మోరీ మన సొత్తు గాదు, ఊరి సొత్తు. దానిని మట్టితో పూడ్చి ర్యాంపు కట్టినచో ఎగువ యింటివారి వాకిట మురికినీరు నిలుచును. దోమలు మాత్రము మన యింటికే వచ్చును. కార్యాలయమువారి అనుమతితో, తీసి శుభ్రపఱచుటకు వీలగు పలకలను మాత్రమే మోరీపై పఱపింపవలెను.

కావున మేస్త్రీని పిలుచుటకు ముందే ఇల్లాలు ప్లాను చూడవలెను, కొలత వేయవలెను, వాననీరు పోవు దారి యడుగవలెను. ఇంటికి బండి రావలసినదే. దానితోపాటు తులసికోటకు చోటును, ముగ్గునకు మన్నును, బోరునకు నీరును మిగులునట్లు చూచుకొనుట మన చేతిలోని పని.