ఈలలు ఒకరికి, కప్పు ఇంకొకరికి

మా బల్కంపేట మేడమీద అద్దెకున్న కుర్రాడు "ఫైటంటే ఇదీ అంకుల్!" అంటూ ఫోన్ నా ముక్కుకి ఆనించాడు. 2004లో కాలిఫోర్నియాలో జరిగిన ఈవో పోటీ. ఆట స్ట్రీట్ ఫైటర్ 3. జపాన్ కుర్రాడు డైగో ఉమెహారా ఆడిస్తున్న కెన్‌కి కొనఊపిరి మిగిలింది. దెబ్బని కాచుకున్నా ప్రాణం పోతుంది. అమెరికా జస్టిన్ వాంగ్ చేతిలోని చున్‌లీ వరసగా 15 తన్నులు తన్నింది. తన్ను తగిలే క్షణానికి సరిగ్గా స్టిక్కు నొక్కితేనే తప్పుతుంది. డైగో పదిహేనూ తప్పించి, తిరిగి బాది గెలిచాడు! హాలంతా ఒకటే గోల. ఒకప్పటి మా అమీర్‌పేట సత్యం థియేటర్లో మొదటాట గుర్తొచ్చింది సుమండీ.

"మరి కప్పు?"

కుర్రాడు నసిగాడు. ఫైనల్లో డైగో ఓడాడట, సాటి జపానువాడు కెంజి ఒబాటా చేతిలో.

"అదీ చూపించవోయ్."

"అదెవరు చూస్తారంకుల్!"

గెలిచిన ఒబాటా మీద జాలేసింది నాకు.