పటాల్లో మూసీ

వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో పుట్టి, నల్గొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలిసే మూసీకి రాతపూర్వక సాక్ష్యాలు తక్కువేమీ కావు. 17వ శతాబ్దపు ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే భాగ్‌నగర్‌లో (నేటి హైదరాబాద్‌లో) ఈ నదిపై ఉన్న రాతి వంతెనను ప్యారిస్‌లోని పాంట్ నఫ్‌కు ఇంచుమించు సాటి అని మెచ్చుకున్నాడు. అది 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించిన పురానాపూల్. అదే వ్యాపారి ఈ నది మచిలీపట్నం దగ్గర సముద్రంలో పడుతుందనీ రాశాడు. కృష్ణ ఊసే లేకపోయినా, మూసీ నీళ్లు చివరికి చేరేది ఆ దరిదాపులకే. యాత్రికుల రాతల్ని పటం ముందేసుకుని చదవాలనేది ఇందుకే.

1908 సెప్టెంబరు 28 నాటి వరదతో రికార్డుల తీరే మారిపోయింది. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిన్నాయి. పురానాపూల్ మాత్రం నిలిచింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచన మేరకు నగరానికి ఎగువన జలాశయాలు కట్టారు: మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఈలోగా, 1910 దశకంలో, లియోనార్డ్ మన్ ఆధ్వర్యంలో నగరమంతా సర్వే జరిగింది. ఆ పటాల్లో వీధులే కాదు, విడివిడిగా ఇళ్లూ కనిపిస్తాయి. నది ఒడ్డున అప్పట్లో ఏముండేదో తేల్చడానికి వాటిని మించిన ఆధారం దొరకడం కష్టం. అయితే అవి వరద తర్వాతి పటాలు. అంతకు ముందరి ఒడ్డును వాటిలో వెతకడం పొరపాటు.

ఈ సంచికను చదివేటప్పుడు పాఠకులు నేటి నగర పటం ఒకటి పక్కన ఉంచుకుంటే మేలు.